కుక్క కరిచిన రోజునే



మూడు వారాల క్రితం ఆదివారం ఆరాధన ముగిశాక ఒక తల్లి ఎనిమిదేళ్ల కుమారుని వెంటబెట్టుకొని మా యొద్దకు వచ్చింది. "అయ్యగారూ, వీడి కోసం ప్రార్థన చేయండి" అన్నది. పిల్లవాని పిక్క మీద పసుపు, కారం మెత్తి గుడ్డ కట్టి ఉంది. ఇంట్లో పెంచుకునే కుక్కపిల్ల కరిచి అప్పటికి నాలుగు రోజులైంది. తిడతారని వాడు రెండు రోజులు చెప్పనే లేదు. తెలిశాక, "మన కుక్కే గదా" అని పెద్దలు ఊరుకున్నారు. "బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులంటే పసివాడు ఓర్చుకుంటాడా?" అని నాయనమ్మ అడ్డుపడిందట.

ప్రార్థన చేశాము. వెంటనే వాళ్లను ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకొని వెళ్లాము. సూది వేయించుకొనుట అవిశ్వాసము కాదు.

నాయనమ్మ భయపడిన సూదులు ఇప్పుడు లేవు. గొర్రె మెదడుతో తయారైన ఆ మందు వాడకం 2005 నాటికే మన దేశంలో ఆగిపోయింది. ఇప్పుడు ప్రభుత్వ ఆసుపత్రులలో చేతుల పైభాగాన, చర్మంలోనికి కొంచెం మందు ఉచితంగా వేస్తారు. మొదటి రోజు వేశాక, అక్కడి నుండి 3, 7, 28వ రోజులలో మళ్లీ వేస్తారు. గాయం నుండి రక్తం వచ్చి ఉంటే, గాయంలోను దాని చుట్టూను ఇమ్యూనోగ్లోబ్యులిన్ అనే మరొక మందు కూడా అవసరం.

కరిచిన వెంటనే గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటి క్రింద 15 నిమిషాలు కడగండి. కారం, సున్నం, పసరు పెట్టవద్దు. రేబిస్ క్రిమి నరాల వెంట మెల్లగా మెదడుకు పాకుతుంది. ఇందుకు వారాలు, నెలలు కూడా పట్టవచ్చు. టీకా పనిచేసే సమయం అదే. నీళ్లు చూచి బెదిరే స్థితి వచ్చాక బ్రతికించే మందు లేదు. కనుక ఆలస్యమైనా సరే, వెళ్లండి. కుక్క ఏమవుతుందో చూద్దామని ఆగవద్దు.

ఆ కుక్కపిల్లకు టీకా లేదు. కుక్కకైనా పిల్లికైనా మూడవ నెలలో మొదటి టీకా, తరువాత పశువైద్యుడు చెప్పినట్లు ఏటేటా వేయించాలి. టీకా వేసిన కుక్క కరిచినా డాక్టరుకు చూపించండి.

తల్లిదండ్రులారా, ఈ రాత్రి భోజనాల వేళ మీ పిల్లలతో ఒక మాట చెప్పండి: "కుక్క కరిచినా, గీరినా చెప్పండి, మేము తిట్టము." ఆ మాట నిలబెట్టుకోండి.

ఆ బాలునికి ఇంకా ఒక సూది మిగిలి ఉన్నది. ఆ తేదీ మా డైరీలో వ్రాసుకున్నాము.