టైం ఎవల జాగీరు?

ఫెలోషిప్ కావాల్నంటే పూర్తికాలం పరిశోధనలనే ఉండాలె, జీతమొచ్చే కొలువు చెయ్యొద్దు. దళితుల కోసం రాజీవ్ గాంధీ పేరు మీద 2005-06ల మొదలై, ఇయ్యాల షెడ్యూల్డ్ కులాల జాతీయ ఫెలోషిప్ అంటున్న పథకానికి గిదే షరతు. జేఆర్‌ఎఫ్‌కు గిదే షరతు. పెద్దలకు ఇది న్యాయంగనే కనిపిస్తది. పరిశోధనంటే తపస్సు గదా అంటరు. తపస్సు ఎవలు చేసిండ్రు? పొద్దుమాపు బువ్వ ఇంకెవలో వండిపెడితే తిన్నోళ్లు చేసిండ్రు. మన శంబూకుడు చేస్తే తల నరికిండ్రు.

మా దిక్కు టైం ఎన్నడూ మాలమాదిగ వాడలది కాదు. కరీంనగర్ జిల్లాల దొరల గడీల ముందట వెట్టి నడిచింది. పిలిస్తే పోవుడు, పొమ్మంటే వచ్చుడు. 1978 సెప్టెంబర్‌ల జగిత్యాల జైత్రయాత్రకు వేలమంది కదిలింది కూలి కోసం, భూమి కోసమే కాదు, వెట్టి పోవాలెనని సుత. అంటే మా పొద్దు మాదేనని చెప్పెతందుకు. మా తాత పొద్దు దొరది. మా నాయన పటేల్ దగ్గర ఏడాదికింతని జీతమున్నడు, ఆయన పొద్దు పటేల్ది. ఇంట్ల డిగ్రీ దాక పోయిన మొదటి మనిషిని నేను. నా సర్కారు కొలువు మీద అమ్మ మందులు, తమ్ముని చదువు, చెల్లె పెండ్లి అప్పు నడుస్తున్నయి.

దీన్ని ఇడిచిపెట్టి ఫెలోషిప్ తీసుకొమ్మంటే ఎట్ల? 2023 జనవరి నుంచి జేఆర్‌ఎఫ్ నెలకు 37,000 రూపాయలు. చిన్న పైసలు కాదు. గని అయిదేండ్ల పైసలు. అవి సుత నెలనెలా వస్తయన్న నమ్మకం లేదు. 2016 జనవరి 17న రోహిత్ వేముల చనిపోయేనాటికి ఏడు నెలల ఫెలోషిప్, 1,75,000 రూపాయలు, రావాల్సి ఉండె. పూర్తికాలం ఇచ్చినోనికి పూర్తి పైసలు ఇయ్యలే.

అట్లయితే పార్ట్‌టైం చెయ్యుమంటరు. 2022 యూజీసీ నిబంధనల్ల పార్ట్‌టైం పీహెచ్‌డీకి తొవ్వ ఉన్నది. కొలువు చేసేటోడు తన పై అధికారి నుంచి కాయితం తేవాలె: చదువుకోనిస్తమని, పరిశోధనకు సరిపోయేంత టైం డ్యూటీల దొరుకుతదని, కోర్సు వర్క్‌కు అవసరమైతే రిలీవ్ చేస్తమని. మాట మంచిదే, తాళంచెవి మాత్రం అధికారి చేతుల పెట్టిండ్రు. నా కాయితం ఒక ఆఫీసుల నెలల తరబడి పండుకున్నది. “కోటాల కొలువొచ్చింది గదా సార్, ఇంకా డాక్టరుగిరి ఎందుకు?” అని ఆ టేబుల్ కాడ ఒకాయన నవ్విండు. పైగ పార్ట్‌టైమోనికి ఈ ఫెలోషిప్ లేదు. పెద్దపల్లి నుంచి వరంగల్ పొయ్యి లైబ్రరీల కూసోవాల్నంటే రైలు కిరాయి, జిరాక్సు పైసలు సొంతం, ఒక సెలవు సుత సొంతం.

“నువ్వు పోతే బడి పిల్లల్ని ఎవలు చూస్తరు?” అని ఇంకో మాట అడుగుతరు. ఆ పిల్లలు మా వాడ పిల్లలే, ఆ బాధ నాకు తెలుసు. గని 2024 నవంబర్ 6 నుంచి తెలంగాణల ఇంటింటి కుల సర్వే మొదలైనప్పుడు ప్రైమరీ పంతుళ్లనే పంపిండ్రు. బడి ఒంటిపూట చేసిండ్రు, ఇంకో పూట మేం గడపగడపకు తిరిగినం. అప్పుడు పిల్లలు యాదికి రాలే. రాష్ట్రంల ఎస్సీలు 17.43 శాతమని 2025 ఫిబ్రవరిల చెప్పిన లెక్క మా కాళ్ల మీదనే నడిచి వచ్చింది. సర్వే వద్దంటలేను, అది కావాల్సిందే. కులాన్ని లెక్కబెట్టెతందుకు పూట దొరికింది, కులం మీద చదివెతందుకు, రాసెతందుకు ఎందుకు దొరకది? లెక్కలు మోసుకొచ్చుడు మా పని, వాటి మీద పుస్తకాలు రాసుడు ఇంకొకల పని! ఇది చదువుల వెట్టి.

బాబాసాహెబ్ బతుకు చూడుండ్రి. 1913ల బరోడా మహారాజు నెలకు 11.5 పౌండ్లు, మూడేండ్లకు ఇస్తే కొలంబియాకు పొయ్యిండు. గడువు తీరంగనే 1917ల లండన్ చదువు నడుమల ఇడిచి రావాల్సి వచ్చింది. బరోడాల కొలువు దొరికింది, ఉండెతందుకు ఇల్లు దొరకలే. బొంబాయి సిడెన్‌హామ్ కాలేజీల పాఠాలు చెప్పి పైసలు కూడబెట్టిండు. సాహు మహారాజు సాయంతోటి, దోస్తు ఇచ్చిన అప్పుతోటి 1920ల మళ్ల లండన్ పొయ్యిండు. అంతటి మనిషి సుత టైం కొనుక్కోవాల్సి వచ్చింది.

అమెరికాల ఎన్‌ఐహెచ్ సంస్థ కొత్త పరిశోధకులకిచ్చే కె-అవార్డులల్ల సుత టైం షరతు ఉన్నది. మామూలుగ పని టైంల కనీసం 75 శాతం పరిశోధనకే పెట్టాలె. గని అక్కడ కొలువు ఇడిచిపెట్టుమనరు. జీతంల వంతు గ్రాంటే ఇస్తది. అంత టైం ఇడిచిపెడుతమని పనిచేసే సంస్థ ముందుగాలనే రాసియ్యాలె. మన దగ్గర షరతంత చదివేటోని మెడ మీద. టైం ఇయ్యాల్సినోని మీద ఏ షరతూ లేదు.

అందుకే అడుగుతున్నం. దళిత ఫెలోషిప్‌లల్ల కొలువు చేసుకుంట చదివేటోళ్లకు వంతు పెట్టాలె. ఎంపికైన పంతులును జీతంతోటి డ్యూటీల ఉన్నట్టే లెక్కగట్టాలె. ఆ బడికి ఇంకో పంతులును పంపినంకనే రిలీవ్ చెయ్యాలె. అనుమతి కాయితం నెలరోజులల్ల ఇయ్యాలె, ఇయ్యకుంటే ఇచ్చినట్టే అనుకోవాలె.

యూనివర్సిటీలల్ల కొట్లాడుతున్న తమ్ముళ్లారా, చెల్లెండ్లారా! ఫెలోషిప్ పైసలు పెంచాలెనని మీరు రాసే డిమాండ్ల కాయితంల ఈ మాట సుత రాయుండ్రి: భూమి లెక్కనే టైం సుత పంచాలె.