పోస్టర్ మీద లేని లెక్క

సంక్రాంతి ముందు హైదరాబాద్ శివారు నాగారంలో ఓ వంటిల్లు. సకినాలు చుట్టడం చూపించే వీడియో ఫోన్లో నడుస్తోంది. చూస్తున్నావిడ రెండు చేతులూ బియ్యప్పిండిలో ఉన్నాయి. మధ్యలో ప్రకటన: పండక్కి రాబోయే పెద్ద సినిమా లిరికల్ పాట. ‘స్కిప్’ నొక్కాలంటే చేయి కడుక్కోవాలి. కడుక్కునేలోపు 30 సెకన్లు దాటిపోతాయి. యూట్యూబ్ ప్రకటనల పద్దులో అదొక వ్యూ. ‘24 గంటల్లో ఇన్ని కోట్లు’ అని మర్నాడు వచ్చే పోస్టర్‌లో ఆవిడా ఒక శ్రోతే. పాట నచ్చిందా అని మాత్రం ఆవిణ్ణి ఎవరూ అడగలేదు.

పేరుమోసిన సంగీత దర్శకుడి కొత్త ఆల్బమ్ వచ్చిన ప్రతిసారీ శ్రోతల తీర్పు పేరిట ఈ అంకెనే చేతిలో పెడుతున్నారు. అభిమానులు దాని మీదే కొట్లాడుకుంటున్నారు. సినిమా వార్తలు రాసేవాళ్లూ దాన్నే శీర్షిక చేస్తున్నారు. అందులో ప్రకటనల వల్ల వచ్చినవి ఎన్నో విడిగా చెప్పనంతవరకు అది ప్రచారపు అంకె. అభిప్రాయం కాదు.

ఈ తేడాను ఒప్పుకున్నది ఏ సంగీత విమర్శకుడో కాదు, సాక్షాత్తూ యూట్యూబ్. 2019 జూలైలో ర్యాపర్ బాద్షా ‘పాగల్’ పాటకు ఒక్క రోజులో దాదాపు 7.5 కోట్ల వ్యూస్ వచ్చాయన్నారు. కొరియా బృందం బీటీఎస్ రికార్డు బద్దలైందన్నారు. ప్రకటనలకు పెట్టిన డబ్బు మీద రచ్చ మొదలైంది. ఆ సెప్టెంబర్‌లో యూట్యూబ్ నిబంధన మార్చింది: 24 గంటల రికార్డులకూ మ్యూజిక్ చార్టులకూ ప్రకటనల వ్యూస్ లెక్కలోకి రావు. అంగడి నడిపేవాడే ఈ తూకంలో చెల్లదని పక్కన పెట్టిన రాయితో మనవాళ్లు ఇంకా తూస్తూనే ఉన్నారు. 2019 తర్వాత ఎన్ని సంక్రాంతులు వెళ్లాయి! ఆ నిబంధనను గుర్తుచేసిన పోస్టర్ ఒక్కటి కనబడదు.

మెచ్చుకోలు అంకె ఇలా ఉబ్బుతుంటే రెండో వైపు అంకె అసలు కనిపించకుండానే పోయింది. డిస్‌లైకుల సంఖ్యను దాచేస్తున్నట్టు 2021 నవంబర్ 10న యూట్యూబ్ ప్రకటించింది. విచిత్రంగా ‘నాటు నాటు’ లిరికల్ విడుదలైందీ ఆ రోజే. ఆస్కార్ దాకా వెళ్లిన పాటకు దాంతో పోయిందేమీ లేదు. పోయిందల్లా ‘నాకు ఎక్కలేదు’ అన్న శ్రోతకే.

ఇక మిగిలింది కామెంట్ పెట్టేవాడు. వాడికి ‘ట్రోలర్’ అని ముద్ర. ‘గుంటూరు కారం’ సినిమా సంగతే చూడాలి. 2023 డిసెంబర్‌లో ‘ఓ మై బేబీ’ పాట రాగానే సంగీత దర్శకుడు తమన్ మీద విసుర్లు పడ్డాయి. ఆ సెగ సాహిత్యం రాసిన రామజోగయ్య శాస్త్రినీ తాకింది. పనిగట్టుకుని చేసే దాడి అన్నారు సమర్థించినవాళ్లు. కానీ నెల తిరక్కముందే అదే ఆల్బమ్‌లోంచి ‘కుర్చీ మడతపెట్టి’ వచ్చింది. పెళ్లి బరాత్‌లలో డీజేలు దాన్ని వదల్లేదు. అదే హీరో, అదే సంగీత దర్శకుడు, అవే చెవులు. కక్ష ఉంటే రెండో పాటకు ఎందుకు ఊగుతారు?

అభిప్రాయం మారుతుంది కూడా. ‘దేవర’లో అనిరుధ్ చేసిన ‘చుట్టమల్లే’ను 2024 ఆగస్టులో మొదట విన్నప్పుడు శ్రీలంక పాట ‘మణికె మగే హితే’ ఛాయలున్నాయని వెక్కిరించారు చాలామంది. తర్వాత్తర్వాత అదే పాట అందరి నోళ్లలో నానింది. దీన్నే శ్రోతలు ‘స్లో పాయిజన్’ అంటారు. తిట్టినవాళ్లు మనసు మార్చుకున్నారు, 24 గంటల పోస్టర్‌కు ఆ సౌకర్యం లేదు. ఈసీఐఎల్ చౌరస్తాలో నాగారం ఆటో ఎక్కితే, డ్రైవర్ ఏ పాట రాగానే ముందుకు జరుపుతాడో ఆ వేలి కదలికలో అంతకన్నా నిజాయితీ ఉంది.

ప్రకటన ఇవ్వడం నేరమేమీ కాదు. కొత్త బ్యాండ్‌కు నలుగురి చెవిన పడటానికి అదో దారి. ట్రోలింగ్‌లో బూతులూ ఉంటాయి, వాటిని ఎవరూ వెనకేసుకు రానక్కర్లేదు. అయితే దశాబ్దాలుగా పాతుకుపోయిన పేర్లకూ, కోట్ల బడ్జెట్ సినిమాలకూ ఈ మినహాయింపు దేనికి? క్యాసెట్ రోజుల్లో శ్రోత జేబులోంచి డబ్బు తీసి తన ఇష్టం చెప్పేవాడు. ఇప్పుడు డబ్బు పెట్టేది అమ్మేవాడు, ఆ ఇష్టం శ్రోతదని చాటింపు వేసేదీ అమ్మేవాడే.

లెక్క దొరకదని తప్పించుకోవడానికీ వీల్లేదు. ఛానల్ యజమాని తన యూట్యూబ్ స్టూడియో తెరిస్తే, వ్యూస్ ఎక్కడెక్కడి నుంచి వచ్చాయో చెప్పే పట్టికలో ‘యూట్యూబ్ అడ్వర్టైజింగ్’ అని ఒక వరుస విడిగానే ఉంటుంది. రికార్డు పోస్టర్ గీయించే రాత్రి ఆ వరుస వాళ్ల కళ్ల ముందే ఉంటుంది. హీరో ముఖానికి ముప్పాతిక పోస్టర్ ఇచ్చేవాళ్లు దానికి మూలన ఓ అంగుళం ఇవ్వడానికి ఏమంటారో ముందు చెప్పాలి. ట్రోలర్లకు నీతులు ఆ తర్వాత చెప్పొచ్చు.