ఘాటీ ఎక్కే ముందు లోడు

సాలూరు నుంచి నలుగురు స్నేహితులు కలిసి కొండ మీద రెండు రాత్రులు గడిపి రావాలంటే దారులు రెండు. ఒకటి దగ్గర్లోని ఏజెన్సీలోకి, లొద్ద, దండిగాం, శిఖపరువు జలపాతాల వైపు. రెండోది జాతీయ రహదారి 26 మీద ఘాటీ ఎక్కి, సుంకి దాటి, ఒడిశాలోని దేవమాలికి. దేవమాలి ఎత్తు 1,672 మీటర్లు. ఒడిశాలో అంతకన్నా ఎత్తైన కొండ లేదు. పైదాకా బండ్లు పోతాయి కనుక వీపున సంచి వేసుకుని నడిచేవాళ్లూ, కారు డిక్కీలో గుడారం పెట్టుకొచ్చేవాళ్లూ చివరికి ఒకేచోట కలుస్తారు.

ఈ కొండల్లో బస చేయడం కొత్త సరదా ఏమీ కాదు. 19వ శతాబ్దంలో బంజారాల బిడారులు తీరం నుంచి ఉప్పు ఎద్దుల మీద వేసుకుని కనుమలెక్కి జయపురం సీమకు చేరేవి, అక్కడి ధాన్యంతో దిగివచ్చేవి. ఎద్దుకు నీళ్లూ గడ్డీ దొరికేచోటే మజిలీ. తర్వాత ఎద్దుల పని లారీలకు వచ్చింది. రాష్ట్రంలో విజయవాడ తర్వాత ఎక్కువ లారీలున్న ఊరని సాలూరుకు పేరు. గుంపుగా కొండెక్కడానికి కావలసిన తెలివి చాలావరకు ఈ ఊరి లారీ షెడ్లలోనే దొరుకుతుంది. ఎంత బరువు వేయాలి, ఎక్కడ వేయాలి, వెనక ఎవరుండాలి, చీకటి పడితే ఎక్కడ ఆగాలి అన్నవే అక్కడా ఇక్కడా ప్రశ్నలు.

మొదట తేలాల్సింది తలల లెక్క. ఆరుగురి నుంచి ఎనిమిది మంది దాకా సుఖం. పన్నెండు దాటితే అది యాత్ర కాదు, పెళ్లివారి బస్సు. వాట్సాప్‌లో ‘నేనూ వస్తా’ అన్నవాళ్లను లెక్కలో వేసుకోకూడదు. అడ్వాన్సు కట్టినవాడే మనిషి కింద జమ. డబ్బు ఒకరి దగ్గరే ఉండాలి, జమాఖర్చు ఒక నోటుపుస్తకంలో రాయాలి. ఫలానా తేదీ తర్వాత మానేసినవాళ్లకు బండి అద్దె, గుడారం అద్దె వాటా తిరిగి రాదని ముందే చెప్పేయాలి. స్నేహితుల మధ్య ఈ మాట అనడానికి మొహమాటం అడ్డొస్తుంది. కానీ గుంపులు చెడేది కొండ మీద కాదు, ఇలాంటి మొహమాటాల దగ్గరే. సిగ్నల్ లేనిచోట ఫోన్‌పే పనిచేయదు కాబట్టి పది, ఇరవై, యాభై నోట్లు చిల్లరగా పెట్టుకోవాలి.

కాలం విషయంలో పెద్ద తర్జనభర్జన అక్కర్లేదు. వానాకాలంలో జలపాతాలు చూడ్డానికి బాగుంటాయి, దగ్గర బస చేయడానికి మాత్రం కాదు. ఎగువన కురిసిన వాన దిగువన ఎండగా ఉన్నప్పుడే గెడ్డను పొంగిస్తుంది. అక్టోబరు తుపానుల నెల. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ ఉత్తరాంధ్ర మీద పడింది ఆ నెలలోనే. నవంబరు నడుమ నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా మంచి రోజులు. అప్పుడు చలిని లెక్కలోకి తీసుకోవాలి. ఎత్తు వెయ్యి మీటర్లు పెరిగితే వేడి ఆరు డిగ్రీలకు పైగా తగ్గుతుంది. సాలూరులో రాత్రి దుప్పటితో సరిపెట్టుకునేవాడికి దేవమాలి మీద అదే రాత్రి పది డిగ్రీలు తక్కువగా ఉంటుంది, గాలి అదనం.

కొండ ఎవరిదీ కాదనుకోవడం పట్నవాసపు పొరపాటు. సాలూరు ఏజెన్సీలో ప్రతి మెట్టకూ, ప్రతి ఊటకూ కొండదొర, జాతాపు, గదబ ఊళ్ల సంబంధం ఉంటుంది. ఖాళీగా కనిపించే చదును కోసేసిన చోడి చేను కావచ్చు, దేవత ఉన్న చోటు కావచ్చు. ఊరిపెద్దనో సర్పంచినో కలిసి అడిగితే సరిపోతుంది. సాధారణంగా కాదనరు. దారి చూపడానికి ఆ ఊరి కుర్రాణ్ని కూలి మాట్లాడుకుని తీసుకెళ్లడం అన్నివిధాలా మేలు. రిజర్వు అడవిలోకైతే అటవీశాఖ అనుమతి కావాలి. 1967 నాటి రాష్ట్ర అటవీ చట్టం ప్రకారం అక్కడ నిప్పు రాజేయడం నేరం. దేవమాలి మీద గుడారం ఎక్కడ వేయనిస్తారో ఒడిశా సిబ్బందిని అడిగి తెలుసుకోవాలి. కొఠియా గ్రామాల వైపు వెళ్తే గుర్తింపు కార్డు జేబులో ఉండాలి. ఆ 21 గ్రామాలు తమవంటే తమవని ఆంధ్ర, ఒడిశాలు దశాబ్దాలుగా పట్టుబడుతున్నాయి, ఎవరు ఏ రాష్ట్రం పోలీసులో వచ్చినవాడికి తెలియదు. ఈ దారుల్లో గంజాయి తనిఖీలు ఎక్కువ. ‘ఈ సంచి కింద ఇచ్చేయండి’ అన్నవాడు ఎంత మంచివాడిలా కనిపించినా ఆ సంచి ముట్టకూడదు. పార్వతీపురం వైపు కొండలకు వెళ్లాలనుకుంటే ఇంకో ఆరా తీయాలి. కొన్నేళ్లుగా ఒడిశా నుంచి వచ్చిన ఏనుగులు కొమరాడ, జియ్యమ్మవలస, భామిని మండలాల్లో తిరుగుతున్నాయి.

ఇక లోడు. మనిషి తన బరువులో అయిదోవంతుకు మించి మోయకూడదు. అరవై కిలోలవాడికి పన్నెండు కిలోలన్నమాట. అందులో మూడు లీటర్ల నీళ్లే మూడు కిలోలు. ఎనిమిది మందికి తలకు మూడు లీటర్ల చొప్పున రోజుకు 24 కిలోలు నీళ్లే అవుతాయి. రెండు రోజుల నీళ్లు మోసుకెళ్లడం అయ్యే పని కాదు. అందుకే బిడారుల లెక్కే ఇప్పటికీ లెక్క. నీరున్న దగ్గరే బస, కానీ గెడ్డ ఒడ్డున కాదు. అరవై మీటర్లు ఎడంగా, కాస్త మెరక మీద. తెచ్చిన నీళ్లను కాచి తాగాలి.

సంచి సర్దడం లారీలో సరుకు వేయడం లాంటిదే. బరువు వెనక్కి పోతే లారీకి ముందు తేలిపోతుంది, మనిషికి నడుం విరుగుతుంది. పడక సంచి అట్టడుగున, బియ్యం, గిన్నెల్లాంటి బరువులు వీపును ఆనుకుని నడుమ, వానకోటు, టార్చిలైటు పైన. నడుం పట్టీ బిగిస్తే బరువు భుజాల నుంచి తుంటి మీదికి దిగుతుంది. సగంమంది ఆ పట్టీని అలంకారం అనుకుని వదిలేస్తారు. సంచిలోపల పెద్ద పాలిథిన్ సంచి ఒకటి పరిచి అందులో బట్టలు పెడితే మంచు కురిసినా తడవవు. గుడారం కింద పరవడానికి చిన్న టార్పాలిన్ ముక్క సాలూరులో ఏ షెడ్డులో అడిగినా దొరుకుతుంది.

వంట దగ్గర కొండ ఒక మెలిక పెడుతుంది. ఎత్తు పెరిగేకొద్దీ నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి. దేవమాలి మీద సుమారు 95 డిగ్రీలకే తెర్లుతాయి కనుక మూత లేని గిన్నెలో కందిపప్పు గంటసేపు ఉడికినా పలుకు పలుకుగానే ఉంటుంది. పెసరపప్పు తీసుకెళ్లాలి, లేదా చిన్న కుక్కరు మోయాలి. ఇంకా తేలిక మార్గం ఇంటి దగ్గరే సగం వంట ముగించడం. రవ్వ నేతిలో వేయించి, పోపు కలిపి డబ్బాలో పోసుకుంటే పైన నీళ్లు మరిగించడమొక్కటే పని. పులిహోర పులుసు చిక్కగా కాచి సీసాలో పెట్టుకుంటే రెండు రోజులుంటుంది. పొద్దున్న చోడిపిండి అంబలి కాచి తాగితే మధ్యాహ్నం దాకా ఆకలి మాటే రాదు. కొండ ఊళ్లవాళ్లు పనిలోకి వెళ్లేముందు తాగేది అదే. బియ్యం పూటకు తలకు 150 గ్రాముల చొప్పున తూచి, పూటపూటకీ వేరే సంచి కట్టి, ‘శనివారం రాత్రి’ అని పెన్నుతో రాయాలి. అలా రాయని గుంపు మొదటి రాత్రే రెండు పూటల బియ్యం వండేసి, ఆదివారం బిస్కెట్లు తింటుంది.

నడకకు పాత కొలత ఒకటుంది. 1892లో నైస్మిత్ అనే స్కాట్లాండు పర్వతారోహకుడు చెప్పినది. అయిదు కిలోమీటర్లకు గంట, ఎక్కే ప్రతి 600 మీటర్లకు మరో గంట. ఆ లెక్కన ఎనిమిది కిలోమీటర్లు నడుస్తూ 600 మీటర్లు ఎక్కడానికి రెండున్నర గంటల పైచిలుకు చాలు. బరువుతో, గుంపుతో, ఫొటోలతో నాలుగు గంటలు వేసుకోవడం మంచిది. డిసెంబరులో పొద్దు అయిదుంబావు దాటగానే వాలుతుంది, లోయల్లో ఇంకా ముందే. నాలుగింటికల్లా గుడారాలు లేవాలి. అందరికన్నా మెల్లగా నడిచేవాణ్ని ముందు పెట్టి, దారి తెలిసిన గట్టివాడొకడు వెనక రావాలి. లారీ వెనక్కి వస్తుంటే క్లీనరు కిందికి దిగి వెనక నిలబడతాడే, ఆ ఉద్యోగం. అతన్ని దాటి ఎవరూ వెనకబడకూడదు. బండ్లలో వెళ్లేవాళ్లకు డ్రైవర్లు చెప్పే మాట ఒకటే. ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే ఘాటీ దిగాలి.

రాత్రి ప్రమాదాల్లో కట్లపామును తక్కువ చేయకూడదు. అది నేల మీద పడుకున్నవాళ్లను నిద్రలో కరుస్తుంది, నొప్పి పెద్దగా తెలియదు. జిప్పు పూర్తిగా మూసుకునే, అడుగు ఉన్న గుడారమే దానికి విరుగుడు. కరిచిందని అనుమానం వచ్చినా కోయడం, కట్టడం, నాటుమందు వద్దు. మనిషిని కదలనీయకుండా మోసుకుని విషానికి విరుగుడు మందున్న ఆసుపత్రికి చేర్చాలి. రోడ్డు లేని ఊళ్ల నుంచి గర్భిణులను ఇంకా డోలీల్లో మోస్తున్న ప్రాంతమిది. 108 బండి ఎక్కడిదాకా రాగలదో, సిగ్నల్ ఏ మలుపు దగ్గర పోతుందో వెళ్లేముందే కనుక్కుని, ఆ వివరాలూ తిరిగొచ్చే వేళా ఇంట్లో ఒకరికి రాసిచ్చి వెళ్లాలి.

మోసుకెళ్లిన చెత్తంతా మళ్లీ సంచిలోనే దిగాలి, సీసా పెంకులు మరీనూ. ఆ చేలల్లో చెప్పుల్లేకుండా నడిచేవాళ్లున్నారు.

ఏజెన్సీ అంటే మలేరియా కూడా. పొద్దుగూకాక నిండు చేతుల చొక్కా వేసుకోవాలి, ఒంటికి దోమల మందు రాసుకోవాలి. దిగివచ్చిన నెల లోపల గుంపులో ఎవరికి జ్వరం తగిలినా మాత్ర వేసుకుని ఊరుకోకుండా రక్తపరీక్ష చేయించుకోవాలి. కొండ మీద పడుకున్న సంగతి డాక్టరుకు చెప్పాలి.