ధైర్యం ఎవరికి చెబుతున్నారు?

సెప్టెంబరు 10 ఆత్మహత్యల నివారణ దినం. 2003 నుంచి ప్రపంచమంతా పాటిస్తోంది. మన కరీంనగర్, ఆదిలాబాద్‌ల వైపు అయితే ఆ రోజు కాలేజీ పిల్లలతో ర్యాలీ తీస్తారు, ప్రతిజ్ఞ చేయిస్తారు, వేదికెక్కిన పెద్దలు ఒకరి తర్వాత ఒకరు ఒకే మాట చెబుతారు: చావు పరిష్కారం కాదు, ధైర్యంగా ఉండండి. ఇంత మంచి మాటకు అభ్యంతరమేమిటని అడగవచ్చు. ఆ మాట వెనక ఒక తీర్పు ఉంది. పోయినవాడు పిరికివాడని, చుట్టూ అంతా బాగానే ఉందని, లోటు వాడి గుండెలోనే ఉందని ఆ తీర్పు. నా అభ్యంతరం దాని మీదే.

సిరిసిల్లలో ఈ సలహాను ఒకప్పుడు గోడల మీద రాయించారు. నేతకార్మికులు వరసగా ప్రాణాలు తీసుకుంటున్న రోజుల్లో కనిపించిన ఆ గోడరాతల గురించి మాజీ ముఖ్యమంత్రి కేసీఆర్ ఎన్నో సభల్లో చెప్పారు. నూలు ధర, కరెంటు బిల్లు, సేటు మరమగ్గాల ఆసామికి కట్టే లెక్క, ఆసామి కార్మికుడికిచ్చే కూలి, వీటిలో ఏది గోడ మీది అక్షరాలకు లొంగుతుంది? 2017లో ప్రభుత్వం నుంచి బతుకమ్మ చీరల ఆర్డరు వచ్చింది, సాంచెలు (మరమగ్గాలు) ఆడాయి. 2023 చివర్లో ప్రభుత్వం మారాక ఆర్డరు ఆగింది, పాత బిల్లులు బకాయి పడ్డాయి. 2024లో సాంచెలు మూతపడ్డాయి, చావుల వార్తలు మళ్లీ మొదలయ్యాయి. అన్నేళ్లు ఉన్న ధైర్యం ఒక్క ఏడాదిలో ఎటు పోయినట్టు?

పిల్లల విషయంలోనూ ఇదే వరస. 2019 ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాలు వచ్చాక తెలంగాణలో ఇరవై మందికి పైగా విద్యార్థులు పోయారు. మార్కులే జీవితం కాదని అందరం ఉపదేశించాం. అదే ఏడాది మంచిర్యాల జిల్లా అమ్మాయి ఒకరికి తెలుగులో సున్నా వేశారు. తీరా చూస్తే ఆమెకు వచ్చింది 99. ఆ ఏడాది అవగాహన కావాల్సింది ఇంటర్ బోర్డుకు.

మరి మనసు జబ్బు లేదా అంటారా? ఉంది. కుంగుబాటు ఉంది, తాగుడు ఉంది, వాటికి వైద్యమూ ఉంది. అప్పులేని ఇళ్లలోనూ ఈ చావులు జరుగుతాయి. ప్రతి చావునూ అప్పు ఖాతాలో రాయడం కూడా పొరపాటే. 14416కు ఫోన్ చేస్తే టెలీ మానస్‌లో తెలుగులో మాట్లాడేవాళ్లున్నారు, ఆ నంబరు ప్రతి ఇంట్లో తెలియాలి. అయినా ఈ లెక్క చూడండి: 2022లో దేశంలో లక్ష మందికి 12.4 మంది ఆత్మహత్య చేసుకుంటే తెలంగాణలో 26.3 మంది అని జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క. తెలంగాణ మనిషి మిగతా దేశం కంటే రెండింతలు పిరికివాడని ఎవరైనా అనగలరా?

పోవాలనుకున్నవాడిని ఎవరూ ఆపలేరన్నది ఇంకో వాడుక మాట. ఇది నిజం కాదని శ్రీలంక చూపించింది. అత్యంత విషపూరితమైన పురుగుమందులను అక్కడి ప్రభుత్వం ఒక్కొక్కటిగా నిషేధించింది. 1995 తర్వాత రెండు దశాబ్దాల్లో ఆత్మహత్యల రేటు మూడో వంతుకన్నా తక్కువకు దిగింది, పంట దిగుబడి మాత్రం పడిపోలేదు. చావాలన్న తలపు చాలామందిలో కొద్దిసేపు ఉండి పోతుంది. ఆ కాస్త సేపు విషం చేతికి అందకపోతే మనిషి దక్కుతాడు. శ్రీలంక రైతుకు ఎవరూ కొత్తగా ధైర్యం నూరిపోయలేదు.

ఇక ఆదిలాబాద్ పత్తి చేను. నల్లరేగడిలో పత్తి వేసినవాడి పేరు, పట్టాలో ఉన్నవాడి పేరు చాలాచోట్ల ఒకటి కాదు. 2014 జూన్ నుంచి 2018 ఏప్రిల్ వరకు తెలంగాణలో ఆత్మహత్య చేసుకున్న 692 మంది రైతుల కుటుంబాలను రైతు స్వరాజ్య వేదిక, టాటా సామాజిక శాస్త్రాల సంస్థ విద్యార్థులు కలిసి సర్వే చేశారు. అందులో నాలుగింట మూడు వంతులు కౌలు రైతులే. కౌలుదారుకు బ్యాంకు అప్పు పుట్టదు. విత్తనాలు, ఎరువులు దుకాణంలో ఉద్దెర తెస్తాడు, మిత్తి కడతాడు. పంట వచ్చాక సీసీఐకి (భారత పత్తి సంస్థకు) తీసుకుపోతే పాసుపుస్తకం అడుగుతారు. అది దాటినా తేమ మిషను ఉంది. ఎనిమిది శాతం దాటితే ధర కోస్తారు, పన్నెండు దాటితే కొనరు. నవంబరులో ఆదిలాబాద్ చలికి, పొద్దున మంచుకు ఏ పత్తి ఎనిమిదిలో ఉంటుంది?

పరిహారం కోసమే చస్తున్నారని గుసగుసలాడేవాళ్లకూ ఒక మాట. 2004లో జీవో 421 చనిపోయిన రైతు కుటుంబానికి లక్షన్నర ఇమ్మంది, 2015లో జీవో 194 దాన్ని ఆరు లక్షలు చేసింది. కానీ ఆ డబ్బు రావాలంటే అది వ్యవసాయపు అప్పేనని, చచ్చింది రైతేనని కాగితాలతో కమిటీని ఒప్పించాలి. నోటిమాటతో కౌలు చేసిన ఇంట్లో కాగితం ఎక్కడిది? 2018 ఆగస్టు 15న రైతుబీమా వచ్చింది. 18 నుంచి 59 ఏళ్ల పట్టాదారు ఎలా పోయినా ఐదు లక్షలు. మంచిదే. కాకపోతే పట్టాదారు చావుకు బీమా వచ్చి, కారణం అడిగేవాడు లేకుండా పోయాడు. కౌలుదారు చావుకు కారణాలు తవ్వేవాళ్లే తప్ప బీమా లేదు.

అందుకే ఆత్మహత్యల నివారణ అనే మాటకు తగిన పని ఎక్కడైనా జరిగిందా అంటే నాకు కిసాన్ మిత్ర కనిపిస్తుంది. 2017లో వికారాబాద్‌లో దివ్య దేవరాజన్ కలెక్టరుగా ఉన్నప్పుడు మొదలైన హెల్ప్‌లైన్ అది. ఆమె ఆదిలాబాద్‌కు వచ్చాక ఇక్కడికీ వచ్చింది, మంచిర్యాలకూ విస్తరించింది. ఫోన్ చేసిన రైతుకు అక్కడివాళ్లు ధైర్యంగా ఉండమని చెప్పి ఊరుకోలేదు. ఏమైందని అడిగి, విని, రాసుకున్నారు. పాసుపుస్తకంలో తప్పుంటే రెవెన్యూకు, అప్పు చిక్కయితే బ్యాంకుకు, పంట సంగతైతే వ్యవసాయ శాఖకు పంపారు. తేలేదాకా వెంటపడ్డారు, తిరిగి రైతుకు ఫోన్ చేశారు. ఎవరైనా వింటున్నారన్న ఊరట, పని అవుతోందన్న నమ్మకం రెండూ ఒకే ఫోన్లో దొరికాయి. మనసు డాక్టరు పని, తహసీల్దారు పని వేరువేరని వాదించేవాళ్లు ఈ పనితీరు ఒకసారి చూడాలి.

ఇక కౌలుదారును ఆదుకోవడానికి కొత్త చట్టం కూడా అక్కర్లేదు. 2011 నాటి అధీకృత సాగుదారుల చట్టం ప్రకారం కౌలుదారును గుర్తించి రుణ అర్హత కార్డు ఇవ్వాలి. కొన్నేళ్లు ఇచ్చారు, తెలంగాణ వచ్చాక ఆపేశారు. కౌలు రైతుకూ ఎకరాకు 15 వేలు ఇస్తామని 2023 ఎన్నికల్లో కాంగ్రెస్ మాటిచ్చింది. 2025 జనవరిలో రైతు భరోసా మొదలుపెట్టినప్పుడు దాన్ని 12 వేలు చేసింది, అదీ పట్టా ఉన్నవాళ్లకే.