‘ఎప్పటిలాగే’ అంటే ఎంత అలసట?

మనలో ఎవర్నైనా “ఎలా ఉన్నావమ్మా?” అని అడిగి చూడండి. “ఏముంది, ఎప్పటిలాగే” అంటాం. ఈ ఒక్క మాట పెద్ద పెద్ద పరిశోధకుల లెక్కల్నే తికమక పెడుతుందంటే నమ్ముతారా?

అలసటను కొలవడానికీ ఒక ప్రశ్నపత్రం ఉందండీ. 1993లో లండన్‌లో ట్రూడీ చాల్డర్, ఆమె తోటివారు తయారుచేశారు. పదకొండు ప్రశ్నలు. ఏడు ఒంటి అలసట గురించి, నాలుగు మనసు అలసట గురించి. బలం తగ్గిందా, పని మొదలుపెట్టాలంటే కష్టంగా ఉందా, మాట దొరక్క తడుముకుంటున్నారా... ఇలా. జవాబులు నాలుగే: ఎప్పటికన్నా తక్కువ, ఎప్పటిలాగే, ఎప్పటికన్నా ఎక్కువ, చాలా ఎక్కువ.

భాష మార్చేస్తే మనకీ పనికొస్తుంది కదా అనుకుంటాం. సరే, ఆ కాగితం పట్టుకుని మన పాతబస్తీకి, ఏ శాలిబండకో వెళ్దాం. ఒకే గల్లీలో ఒకింట తెలుగు, పక్కింట దక్కనీ ఉర్దూ. మొదటి ప్రశ్నకే చిక్కు! ‘అలసట’ పుస్తకంలో మాట. ఇంట్లో మనం అనేది ‘నీరసం’, ‘ఓపిక లేదు’, ‘చాతనైతలేదు’. పక్కింటి ఖాలా ‘కమ్జోరీ’ అంటుంది. అందులో బలహీనత, రక్తం తక్కువ, మనసులో దిగులు అన్నీ కలిసే ఉంటాయి. పోనీ ‘ఆయాసం’ అని రాద్దామా? ఒకరు అలసట అనుకుంటారు, ఇంకొకరు ఊపిరాడకపోవడం అనుకుంటారు.

అందుకే ఒకరు ఇంగ్లీషు నుంచి తెలుగులోకి మారిస్తే, అసలు ప్రతి చూడని మరొకరు దాన్ని మళ్లీ ఇంగ్లీషులోకి మారుస్తారు. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తారు. పక్కింటావిడ చెప్పిన కొలతలతో మనం వండి, ఆవిడకే రుచి చూపించినట్టన్నమాట. ఆ తర్వాత ఆడవాళ్లను కూర్చోబెట్టి “ఈ ప్రశ్న మీకేం అర్థమైందో మీ మాటల్లో చెప్పండి” అని అడుగుతారు. నా మటుకు నాకు ఇదే అసలు పరీక్ష.

ఎందుకంటే మాట సరిగ్గా ఉన్నా బతుకు సరిపోకపోవచ్చు. పని మొదలుపెట్టడం కష్టమా? నల్లా వచ్చే వేళకి లేవకపోతే ఇంట్లో నీళ్లుండవు, కష్టమైనా లేస్తుంది. మాట దొరకట్లేదా? రోజంతా లాడ్‌బజార్ గాజుల కోసం రాళ్లు అద్దుతూ దక్కనీలో మాట్లాడే తెలుగామెకి తెలుగు మాట తట్టకపోతే అది అలసటేనా? రంజాన్ నెలలో సహరీకి లేచే ఇల్లాలిని అడిగితే ఒక జవాబు, ఇంకో నెలలో ఇంకో జవాబు. బోనాల వారం సంగతి చెప్పనే అక్కర్లేదు.

అన్నిటికన్నా గట్టి చిక్కు ఆ ‘ఎప్పటిలాగే’. పదేళ్లుగా నీరసంగా ఉన్నావిడ నిజాయితీగా “ఎప్పటిలాగే” అంటుంది. ఆ జవాబుకి ఒక లెక్కింపు పద్ధతిలో సున్నా మార్కు. కాగితం మీద ఆవిడ భేషుగ్గా ఉన్నట్టే! చాలాకాలంగా అలసట ఉంటే, బాగున్న రోజులతో పోల్చుకోమని పైన సూచన ఉంది లెండి. కానీ పదిహేడేళ్లకే సంసారంలో పడినామెకి ఆ బాగున్న రోజు ఏదని గుర్తుచేసుకోవాలి?

గోవాలో విక్రమ్ పటేల్ బృందం 2,494 మంది స్త్రీలను అడిగి, 2005లో ‘బ్రిటిష్ మెడికల్ జర్నల్’లో రాసింది. ఆరు నెలలకు పైగా అలసట ఉందన్నవారు నూటికి పన్నెండు మంది. విచిత్రమేమిటంటే, దానికీ రక్తంలో హీమోగ్లోబిన్‌కీ సంబంధం కనబడలేదు. పేదరికం, భర్త హింస, ఇంట్లో తన మాట చెల్లకపోవడం, మనసు బాగాలేకపోవడం, ఇలాంటివాటితో సంబంధం కనబడింది. అలాగని ఐరన్ మాత్రలు పక్కన పడేయకండి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ స్త్రీలలో నూటికి 57.6 మందికి రక్తహీనత ఉందని తేలింది. అది వేరే జబ్బు, దాన్నీ చూపించుకోవాల్సిందే.

డాక్టర్ దగ్గరికి వెళ్తే “నీరసమండీ” అని ఊరుకోకండి. ఎన్నాళ్లనుంచో, పోయినేడాది చేసిన ఏ పని ఇప్పుడు చెయ్యలేకపోతున్నారో చెప్పండి. బిందె ఎత్తలేకపోతున్నారా, మెట్ల మధ్యలో కూర్చుంటున్నారా, నెలసరి ఎక్కువవుతోందా, నిద్ర పట్టట్లేదా, ఊరికే ఏడుపొస్తోందా అన్నీ చెప్పండి. రక్తం, థైరాయిడ్, షుగర్ పరీక్షలు అవసరమా అని అడగండి. పక్కనున్న ఆయనో అత్తగారో మీ బదులు జవాబులు చెబుతుంటే, కాసేపు బయట కూర్చోమని డాక్టర్‌తోనే చెప్పించండి.