మంచివాడు కాకపోతే మాట్లాడకూడదా?

ఇటీవల ఒక విశ్వవిద్యాలయ వసతిగృహంలో పదిమంది విద్యార్థులతో కలిసి అరవింద్ అడిగ నవల ‘ది వైట్ టైగర్’ గురించి మాట్లాడే అవకాశం నాకు కలిగింది. 2008లో బుకర్ బహుమతి పొందిన ఈ ఆంగ్ల నవలను నవ్వుకుంటూనే చదివామని అందరూ ఒప్పుకున్నారు. ఆ వెంటనే ‘కథ చెప్పేవాడు మాత్రం నచ్చలేదు సార్’ అన్నారు. ఎందుకు నచ్చలేదని ఒక్కొక్కరినీ అడిగాను. ఆ సాయంత్రం విన్న జవాబులే ఈ వ్యాసానికి కారణం.

నవల చదవనివారి కోసం నాలుగు మాటలు. బలరాం హల్వాయి బిహార్‌లో గయ ప్రాంతపు పల్లెలో ఒక రిక్షా కార్మికుని కొడుకు. తెలివైన పిల్లవాడే అయినా బడి మానిపించి టీ కొట్టులో పనికి పెట్టారు. తర్వాత డ్రైవింగ్ నేర్చుకుని, తన ఊరి భూస్వామి కొడుకు అశోక్‌కు డ్రైవరై ఢిల్లీ, గుర్‌గావ్ చేరతాడు. ఒక రాత్రి యజమాని భార్య తాగి కారు నడిపి రోడ్డు మీద ఎవరినో తొక్కించినప్పుడు, ఆ నేరం తనదేనని ఒప్పుకుంటూ కాగితం మీద సంతకం పెట్టమని అతడినే అడుగుతారు. చివరకు అతడు అశోక్‌ను పగిలిన సీసాతో పొడిచి చంపి, ఏడు లక్షల రూపాయలతో పారిపోయి, బెంగళూరులో టాక్సీ వ్యాపారి అవుతాడు. ఈ కథనంతా చైనా ప్రధాని వెన్ జియాబావోకు ఏడు రాత్రులపాటు రాసిన లేఖలుగా, గొప్పలు చెప్పుకుంటూ, మనల్ని నవ్విస్తూ చెబుతాడు.

విద్యార్థుల అభ్యంతరాలు మూడు రకాలుగా వచ్చాయి. అశోక్ ఆ ఇంట్లో కాస్త మంచివాడు కదా, అతడిని చంపినవాడి మాట ఎలా వినాలన్నది మొదటిది. కొలంబియాలో, ఆక్స్‌ఫర్డ్‌లో చదువుకున్న రచయితకు బిహారీ డ్రైవరు గొంతు ఎక్కడినుంచి వచ్చిందన్నది రెండోది. నవల వెలువడిన రోజుల్లో పేరున్న విమర్శకులు కొందరు సైతం ఈ ప్రశ్నే వేశారు. మూడోది ఒక విద్యార్థి చాలాసేపు మౌనంగా కూర్చుని చెప్పింది. ‘మా నాన్న డ్రైవరు. ఈ పుస్తకం చదివిన యజమాని రేపు ఆయన్ని ఎలా చూస్తాడు?’ అన్నాడు. ఆ గదిలో అంతవరకూ వినిపించిన నవ్వు అక్కడితో ఆగిపోయింది.

మొదటి అభ్యంతరం గురించి ఒక సంగతి చెప్పాలి. బలరాం కంటే ముందు ఆ ఇంట్లో రామ్ పర్సాద్ అనే పెద్ద డ్రైవరు ఉంటాడు. అతడు ముస్లిం. ముస్లింలంటే గిట్టని యజమాని దగ్గర బతుకుదెరువు కోసం హిందువుగా పేరు మార్చుకుని పనిచేస్తుంటాడు. రంజాన్ నెలలో అతడి ఉపవాసాన్ని పసిగట్టిన బలరాం ఆ రహస్యాన్ని ఆయుధం చేసుకుంటాడు. రామ్ పర్సాద్ మూటాముల్లె సర్దుకుని వెళ్లిపోతాడు, పెద్ద డ్రైవరు స్థానం బలరాంకు దక్కుతుంది. నా దృష్టిలో నవలలో క్షమించరాని ఘట్టం ఇదే. యజమానిని చంపితే అతడి మనుషులు పల్లెలోని తన కుటుంబాన్ని బతకనివ్వరని తెలిసి కూడా బలరాం ఆ పని చేయడం ఇంకొకటి. పదిమందిలో ఏ ఒక్కరూ ఈ రెంటినీ ప్రస్తావించలేదు. అందరి అసహ్యమూ అశోక్ హత్య చుట్టూనే తిరిగింది. మరో మాట కూడా చెప్పుకోవాలి. ఆ సాయంత్రం మేమంతా అశోక్‌ను ‘ఆయన’ అన్నాం, బలరాంను ‘వాడు’ అన్నాం. నేనూ అలాగే అన్నాను. ఇంటికి వచ్చాకగానీ అది నాకు తట్టలేదు.

నచ్చని కథకులు మనకు కొత్త కాదు. నవల కాకపోయినా ‘కన్యాశుల్కం’ నాటకంలోని గిరీశాన్నే తీసుకోండి. పూటకూళ్లమ్మ డబ్బు వాడుకున్నాడు, మధురవాణిని మోసగించాడు, సంఘసంస్కరణ పేరు చెప్పి బుచ్చమ్మను వలలో వేసుకోజూశాడు. అయినా నూరేళ్లకు పైగా తెలుగువాళ్లం అతడి మాటలు వల్లించుకుని మురిసిపోతున్నాం. మోసగాడని తెలిసే ముచ్చటపడుతున్నాం. అణగారిన కులం మనిషి కథలోకి వచ్చేసరికి మనకు సౌమ్యుడు కావాలి. 1922 నాటి ‘మాలపల్లి’లో ఉన్నవ లక్ష్మీనారాయణ రామదాసును సాధుపురుషుడిగా తీర్చిదిద్దారు. ఆ కాలానికి అది సాహసమే, కాదనను. కానీ శతాబ్దం గడిచాక కూడా కింది కులాలవారు కథలోకి రావాలంటే సత్ప్రవర్తన పత్రం వెంట తెచ్చుకోవాలా? మన సానుభూతికి ఓర్పు, కన్నీరు, కృతజ్ఞత ముందస్తు షరతులైతే దాన్ని సానుభూతి అనడం కష్టం. అది యజమాని నౌకరును పనిలో పెట్టుకునే ముందు చేసే విచారణ లాంటిది.

ఈ విచారణ నవలలోనే కనిపిస్తుంది. మిఠాయిలు చేసే కులంవాడికి డ్రైవింగ్ ఎలా వస్తుంది, దానికి పోరాడే జాతుల రక్తం ఉండాలి కదా అని నేర్పేవాడే సందేహిస్తాడు. పనికోసం వెళ్తే భూస్వామి హల్వాయిలు పై కులమా, కింది కులమా అని ఆరా తీస్తాడు. కులాలన్నీ పోయి ఇప్పుడు పెద్ద పొట్టలవాళ్లు, చిన్న పొట్టలవాళ్లు అనే రెండే మిగిలాయని బలరాం ధీమాగా ప్రకటిస్తాడు. అతడి బతుకే ఆ మాటను అడుగడుగునా అబద్ధం చేస్తుంది. ఇది కులం కథ కాదు, పేదరికం కథ అని అన్న విద్యార్థులు కథకుడిని నమ్మలేమంటూనే ఈ ఒక్క మాటను మాత్రం నమ్మారు.

రెండో అభ్యంతరంలో బలం ఉంది. డ్రైవరు గురించి డ్రైవరు యజమానులు చదివే భాషలో, వాళ్ల మధ్య పెరిగిన రచయిత రాసినప్పుడు ఆ నవ్వు ఎవరి మీదికి మళ్లుతుందో చూసుకోవాల్సిందే. దానికి పరిష్కారం బలరాంను మంచివాడిగా తిరగరాయడంలో లేదు. ఆ బతుకులు బతికినవాళ్లు తమలోని కోపిష్ఠులను, కపటులను, పిరికివాళ్లను కూడా జంకు లేకుండా రాయాలి. అలాంటి కథలు వంద ఉంటే ఏ ఒక్క బలరామూ తన వర్గమంతటికీ ప్రతినిధిగా బోనులో నిలబడనక్కర్లేదు. గిరీశం చేసిన మోసాలకు అతడి కులాన్ని ఎవరూ సంజాయిషీ అడగలేదు కదా.

మూడో ప్రశ్నకు ఆ సాయంత్రం నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు కొంత చెప్పగలను. నవల చివర బలరాం కంపెనీ డ్రైవరు ఒక కుర్రవాడిని తొక్కించి చంపుతాడు. యజమాని స్థానంలో ఉన్న బలరాం పోలీసుల అండతో కేసు లేకుండా చేసుకుంటాడు. తర్వాత ఆ కుర్రవాడి ఇంటికి డబ్బుతో వెళ్తాడు. ఒకప్పుడు తనకు జరగబోయింది ఏమిటో అతడికి గుర్తుంది, అయినా ఆ అధికారాన్ని వాడుకున్నాడు. ఈ పుటలు చదివి కూడా తన డ్రైవరునే అనుమానంగా చూసే యజమాని, ఆ పుస్తకం లేకపోయినా అలాగే చూసేవాడు. అయితే ఆ చూపును రోజూ భరించేది ఆ విద్యార్థి తండ్రి. సాహిత్యం గురించి మాట్లాడే నాలాంటివాళ్లు ఈ తేడాను మరవకూడదు.

విద్యార్థి మిత్రులకు ఒక మనవి. ఒక కథకుడు నచ్చలేదనిపించినప్పుడు, అతడి చేతిలో నష్టపోయినవాళ్ల జాబితా కాగితం మీద రాసుకోండి. వాళ్లలో మీకు ముందుగా ఎవరు గుర్తొచ్చారో, అసలు ఎవరు గుర్తుకే రాలేదో చూసుకోండి. మా జాబితాలో రామ్ పర్సాద్ లేడు. వచ్చే సమావేశం అతడితోనే మొదలుపెడదామనుకున్నాం.