నీళ్ళ పొయ్యి సంగతి కూడా చూడండి

చలికాలం మొదలైందంటే మా ఓ.పి.కి దగ్గుతోను, దమ్ముతోను వచ్చే అవ్వలు ఎక్కువవుతారు. "బీడీ తాగుతవా అవ్వా?" అంటే "ఛీ, నేనెందుకు తాగుత సారూ" అంటారు. "వంట దేనిమీద?" అంటే "గ్యాసే" అంటారు. "మరి స్నానానికి నీళ్ళు?" అని అడిగినప్పుడు గాని అసలు సంగతి బయటికి రాదు. తెల్లవారుజామున కాగు కింద మంట వేసి, ఊదుగొట్టంతో ఊదుతూ, చలి కాచుకుంటూ అక్కడే గంటసేపు కూర్చుంటారు.

1999లో దీపం పథకం, 2016లో ఉజ్వల పథకం వచ్చి గ్యాసు మన పల్లెలకు చేరింది. అయినా చేను గట్టున పత్తికట్టె, కందికట్టె ఊరికే దొరుకుతుంటే సిలిండరు మీద కాగు పెట్టేదెవరు? అందుకు మేము తప్పు పట్టము. కట్టెలు కాల్చక తప్పని ఇంటికి ఏ పొయ్యి మేలు అన్నదే మా మాట.

సంతలో ఇప్పుడు తళతళలాడే ఇనుప పొయ్యిలు దొరుకుతున్నాయి. వీటికి ప్రభుత్వ ప్రమాణం ఉంది: కట్టెలోని వేడిలో కనీసం 25 శాతం గిన్నెకు అందాలి. చిన్న ఫ్యాను ఉన్న పొయ్యికైతే 35 శాతం. మూడు రాళ్ళ పొయ్యికంటే ఇవి మేలే, కట్టె ఆదా అవుతుంది. కాని వీటిలో చాలావాటికి పొగగొట్టం ఉండదు. పొగ తగ్గుతుంది గాని, ఉన్న పొగ గదిలోనే తిరుగుతుంది. కాబట్టి అలాంటి పొయ్యి కొంటే పెరట్లో, రేకుల కింద గాలి ఆడేచోట పెట్టండి. ఇంటి లోపల వెలిగించాలంటే మాత్రం కప్పు దాటి పైకి వెళ్ళే పొగగొట్టం ఉన్న ఇటుక పొయ్యినే మేము ఒప్పుకుంటాము. చేతిలో ఉన్న డబ్బు ఒక్కదానికే సరిపోతే, మెరిసే పొయ్యికి కాదు, గొట్టానికి పెట్టండి.

ఇది కొత్త ఆలోచన కాదు. హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనశాలకు చెందిన ఎస్.పి. రాజు గారు పొగగొట్టంతో పొయ్యిని రూపొందించి, కోట్లమందికి పొగలేని వంటిళ్ళు కావాలంటూ ఇంగ్లీషులో చిన్న పుస్తకం రాశారు. దానిని 1953లో మద్రాసులోని క్రైస్తవ సాహిత్య సంఘమే అచ్చువేసింది! తర్వాత 1983 నుండి కేంద్ర ప్రభుత్వం దేశమంతటా మెరుగైన పొయ్యిలు కట్టించింది. ఎన్నో ఇళ్ళలో గొట్టాలు మసితో పూడుకుపోయి, పగిలి, పొయ్యిలు మూలన పడ్డాయి. దించి దులిపేవాళ్ళు లేకపోయారు. నెలకొకసారి గొట్టం దులపడం ఇంట్లో మగవాళ్ళ పని అని మా అభిప్రాయం. పొగ ముందు కూర్చునే పని ఎలాగూ వారికి లేదు.

ఇళ్ళలోని పొగవలన 2020లో ప్రపంచంలో సుమారు 32 లక్షలమంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. పొగ ఇంట్లో పెరిగే అయిదేళ్ళలోపు పిల్లలకు న్యుమోనియా ముప్పు దాదాపు రెట్టింపు. చంటిబిడ్డను ఒళ్ళో వేసుకుని పొయ్యి ముందు కూర్చోకండి.

పొగకంటే భయపెట్టేది ఇంకొకటి ఉంది. చలి అని కుంపట్లో బొగ్గులు వేసి, బాలింత గదిలో తలుపులు, కిటికీలు బిగించి పడుకోవడం. నిప్పులు పొగ రాకుండా ఎర్రగా ఉన్నాయంటే ప్రమాదం లేదనుకుంటారు. ఆ నిప్పుల నుండే కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి వాసన లేదు, రంగు లేదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. గొట్టానికి మూతపలక ఉన్న పొయ్యిలోనూ నిప్పు పూర్తిగా ఆరేదాకా పలక మూయకూడదు. బాలింతకు, బిడ్డకు కావలసింది గొంగడి, టోపీ, తల్లి ఒడి వేడి. కుంపటి వాకిట్లోనే ఉండనివ్వండి. ఉదయాన తలనొప్పి, వాంతి, మత్తుతో ఎవరైనా లేస్తే వెంటనే బయటి గాలికి తెచ్చి, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకురండి. రాత్రి గదిలో నిప్పు ఉందన్న మాట డాక్టరుకు ముందుగా చెప్పండి.